లోపం నాలుగున్నర అంగుళాలు

నవంబరు 3

మరదలు పిచ్చుకకి,

మీ అక్క కర్మలు ముగిసి నువ్వు బస్సెక్కి పన్నెండు రోజులైంది. చేరినట్టు రాసిన కార్డు అందింది. ఇక్కడ పొద్దున్నే రెండు కప్పులు కడిగి పెడుతున్నాను, రెండోది ఎందుకో నాకే తెలియదు. ఫోను చెయ్యలేదని నిష్ఠూరమాడకు. ఫోనులో నీ గొంతు నాకు బుడబుడమనే తప్ప మాటగా అందదు. మీ అక్క పక్కన కూర్చుని అరిస్తేనే సగం అందేది. అరిచి అరిచి విసుగెత్తి ఆఖరి రోజుల్లో తనూ మాటలు తగ్గించేసింది. కాబట్టి మనకి ఉత్తరాలే గతి.

అసలు సంగతికొస్తాను. నిన్న నూనె డబ్బా కోసం కుట్టుమిషను సొరుగు తెరిచాను. అందులో పాత దిండు గలీబులో చుట్టి ఒక ఊలు టోపీ ఉంది. సగానికి పైగా అల్లి ఉంది, సూదులు అలాగే గుచ్చి ఉన్నాయి. తన అల్లిక సరంజామా అంతా కిటికీ పక్క కుర్చీ దగ్గర బుట్టలో ఉంటుంది కదా, దీన్ని మాత్రం దాచింది. ఎందుకో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నా మెరూన్ టోపీకి పదకొండేళ్ళు నిండాయి. చెప్పకుండా కొత్తది అల్లి నా చేతిలో పెట్టాలనుకుని ఉంటుంది. రంగు బూడిద. నాకు నప్పేదే.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. కాసేపు అంటున్నాను గానీ, ఆ రోజు భోజనం చెయ్యడం మర్చిపోయాను.

మాకు పిల్లల్లేరు కాబట్టి ఈ వీధిలో తలలన్నీ మీ అక్కవే. పోస్టుమ్యాన్, పాలావిడ మనవరాలు, ఎదురింటి తాపీమేస్త్రీ, అందరి నెత్తినా తన చేతి టోపీయే. ఈ ఆఖరిది నాకు మిగిల్చింది. దీన్ని పరాయివాళ్ళ చేత పూర్తి చేయించడం నాకిష్టం లేదు. నా టోపీ నేనే అల్లుకుంటాను. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి, నాలుగు సూదులూ ఒక ఊలు ఉండా నాకు లొంగవా? ఎలా అల్లాలో వివరంగా రాయి. బొమ్మలు కూడా వెయ్యి.

నీ బావ


నవంబరు 10

తక్కెడ బావగారికి,

పెళ్ళిలో మీకు ఆ పేరు పెట్టి అక్క చేత మొట్టికాయ తిన్నాను. ఇప్పుడు మొట్టేవాళ్ళు లేరు, అయినా రాస్తుంటే నెత్తి తడుముకున్నాను.

మీ ఉత్తరం స్కూలు లైబ్రరీలో కూర్చుని చదివాను. ఇక్కడ గది వెచ్చగా ఉండాలంటే పొయ్యి వెయ్యాలి, పొయ్యి వేస్తే పుస్తకాలు పొగచూరుతాయి. అందుకని నేనూ పుస్తకాలూ కలిసి వణుకుతున్నాం. మీరు సూదులు పట్టుకున్నారని మీ తోడల్లుడికి చెబితే, 'తూకంరాళ్ళతో అల్లడం లేదు కదా' అన్నారు.

బొమ్మలు వేరే కాగితం మీద వేశాను. ముందు కుట్టు, వెనక కుట్టు, అంతే, ప్రపంచంలో ఉన్న టోపీలన్నీ ఆ రెండే. అంచు గట్టిగా పట్టాలంటే రెండు ముందు, రెండు వెనక వెయ్యాలి. అందుకే కుట్ల లెక్క నాలుగుతో భాగించేలా చూసుకోండి. అక్క చేతికి అంగుళానికి ఐదు కుట్లు వస్తాయి. ఊలు సాగుతుంది, కాబట్టి తల కొలత కన్నా టోపీ రెండంగుళాలు తక్కువ ఉండాలి.

ముందు మీ తలా ఆ టోపీ రెండూ కొలవండి. చాలకపోతే సాగదీసి పాడు చెయ్యకండి, విప్పేసి మళ్ళీ మొదలుపెట్టండి. విప్పడం పాపమేమీ కాదు. అమ్మ మా ఇద్దరి చేతా ఒకే మేజోడు తొమ్మిదిసార్లు విప్పించింది. కొలిచాక ఆ అంకెలన్నీ ఉత్తరంలో రాసి నన్ను చంపకండి, మీ పుస్తకంలోనే రాసుకోండి.

ఇంకో మాట. పావురం మెడ రంగులో అక్క ఒక టోపీ మొదలుపెట్టింది. ఎక్కడైనా కనిపిస్తే దాన్ని ముట్టుకోకుండా నాకు పంపండి. ఎవరిదో తర్వాత చెబుతాను.

వేళకి తినండి. రెండో కప్పు కడగండి, ఫరవాలేదు.

పిచ్చుక


నవంబరు 18

పిచ్చుకకి,

బొమ్మలు బాగున్నాయి. మూడో బొమ్మలో చెయ్యి మాత్రం ఆరు వేళ్ళతో ఉంది.

పావురం మెడ రంగు టోపీ ఏదీ లేదు. అలమారలు, పెట్టెలు, మంచం కింద, అన్నీ వెతికాను. ఉన్నది ఈ బూడిద రంగుదే.

ఇక కొలతలు. నువ్వు అంకెలు వద్దన్నావు కాబట్టి వాటిని నా పాత తనిఖీ పుస్తకంలోనే రాశాను. స్థూలంగా చెప్పాలంటే, ఇది నా తలకి ఎక్కదు. అంచు నుదుటి మీదే ఆగిపోయింది. ఊలు సాగుతుందని రాశావు. సాగే కొలతని మా శాఖ ఒప్పుకోదు. ఇంకో తప్పు కూడా ఉంది. వెనక భాగంలో, పై వైపు, నా రెండు వేళ్ళు పట్టేంత కన్నం. కుట్లు జారిపోయినట్టున్నాయి.

నీకు నవ్వొచ్చే సంగతి చెప్పనా? మెరూన్ దానిలోనూ ఇవే తప్పులు. అదీ బిగుతే. నుదుటి మీద దాని అచ్చు పదకొండేళ్ళుగా మోస్తున్నాను. దానికీ వెనక కన్నం ఉండేది. మొదటి రోజు పెట్టుకుని ఆఫీసుకెళితే గుమాస్తాలు వెనక నుంచి నవ్వారు. సాయంత్రం మీ అక్కకి చూపించి, ఇదేం పని అన్నాను. వెంటనే సూది తీసి కన్నం మూసి ఇచ్చింది. తప్పు ఒప్పుకోవడంలో మీ అక్కది పెద్ద మనసు.

నా అనుభవంలో ఒక తప్పు ఒకసారి వస్తే పొరపాటు. అదే తప్పు రెండోసారి వచ్చిందంటే తూకంరాయే తేడా. అందరి తలలూ చూపుతోనే కొలిచేసే మనిషి, కట్టుకున్నవాడి తల దగ్గర రెండుసార్లూ తప్పింది. దగ్గరి వస్తువు కంటికి ఆనదంటారు, నిజమే కాబోలు.

నువ్వు చెప్పినట్టే విప్పి మళ్ళీ అల్లుతాను. కొత్త కళ్ళజోడు ఈ నెల ఆఖరి శనివారానికి వస్తుంది. మర్నాడు ఆదివారం తీరిగ్గా కూర్చుని ఆ పని మొదలుపెడతాను. కన్నం లేకుండా, నా కొలతకి, మీ అక్క ఊలుతో. పోయాక కూడా తను నా తల కప్పినట్టు ఉంటుంది కదా.

నీ బావ


నవంబరు 28

బావగారూ,

విప్పకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, విప్పకండి.

మంచు పడి కొండదారి మూసేశారు. మీ ఉత్తరం పది రోజులు దారిలో ఉండి ఇవాళే చేరింది. చదవగానే లైబ్రరీ తాళం వేసి ఆఫీసు గదికి పరుగెత్తి మీకు ఫోను చేశాను. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మీరు తీసి 'ఎవరూ? ఎవరూ?' అని పెట్టేశారు. 'విప్పకండి' అని నేను అరిచిన అరుపుకి క్లాసుల్లోంచి పంతుళ్ళు బయటికొచ్చారు. మీకు మాత్రం వినబడలేదు. మీ వీధిలో ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు.

ఆ టోపీ మీది కాదు బావగారూ. అది అక్కది. తనకోసం తను అల్లుకుంటున్నది. మీకు బూడిదలా కనిపిస్తున్నదే పావురం మెడ రంగు. కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూడండి, ఆకుపచ్చా ఊదా మెరుస్తాయి. మీరు బూడిద అని రాసినప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. పోయిన శీతాకాలం మీకోసం బూడిద రంగుది అల్లుతానంది, అదే అనుకున్నాను. పోనీ, ఆ రెండోది అక్కదని రాసినా సరిపోయేది. మీకు చెప్పొద్దంది. పోయిన మనిషికిచ్చిన మాటని గొంతులో పెట్టుకుని కూర్చున్నాను.

సెప్టెంబరులో తను రాసిన ఉత్తరంలో ముక్క ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

'నవ్వకు. ఈసారి నాకోసం ఒకటి అల్లుకుంటున్నా. యాభై తొమ్మిదేళ్ళకి బుద్ధొచ్చింది. నీళ్ళు పట్టడానికి పొద్దున్నే కిందికెళితే తలలోకి చలి మేకులా దిగుతోంది. మీ బావకి చెప్పలేదు. చెబితే శాలువా ఉందిగా అంటారు. కొప్పు నలగకుండా వెనక కన్నం వదులుతున్నా. మెరూన్ దానికీ వదిలాను, గుర్తుందా? పూర్తిచేసి కుర్చీ మీద పెట్టి స్నానానికెళ్ళొచ్చేసరికి ఆయన అద్దం ముందు నిలబడి, నాకోసమేనా, అన్నారు. ఎంత సంతోషపడిపోయారో. కాదని ఎలా చెప్పను? సాయంత్రం కన్నం మూసిచ్చాను. ఈసారి పూర్తయ్యేదాకా దాచేస్తా. ఒక్కసారి నా నెత్తిన ఎక్కిందంటే ఇంక ఎవరూ తియ్యలేరు.'

ఈ ఉత్తరం ఆదివారం లోపల చేరదని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. కళ్ళజోళ్ళవాడు ఆలస్యం చెయ్యాలని మొక్కుకుంటున్నాను.

పిచ్చుక


నవంబరు 30

పిచ్చుకకి,

కళ్ళజోళ్ళవాడు మాట నిలబెట్టుకున్నాడు, ఒక రోజు ముందే ఇచ్చాడు. ఈ ఉదయం కిటికీ దగ్గర తన కుర్చీలోనే కూర్చుని విప్పాను.

ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో! నెలరోజులు అల్లిందేమో, నేను పళ్ళెంలో అన్నం చల్లారేలోపు విప్పేశాను. లాగుతుంటే ఒక్కో వరుసా చిన్నగా టకటకమంటూ ఊడొచ్చింది. ఆ చప్పుడు నాకు వినబడలేదు, వేళ్ళకి తెలిసింది. మధ్యలో ఊలుతో కలిసి అల్లుకుపోయిన ఒక పొడుగాటి తెల్లవెంట్రుక దొరికింది. మీ అక్కదే. అల్లికలో చెత్త ఉండకూడదని తీసి పారేశాను.

విప్పిన ఊలు నూడుల్స్‌లా వంకరలు తిరిగి ఉంది. నీ బొమ్మల కాగితం మీద రాసినట్టే గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, కుర్చీ వీపుకి చుట్టి ఆరబెట్టాను. తడి మీద కిటికీ వెలుగు పడితే ఊదారంగు ఛాయ వచ్చింది. బహుశా రంగు దిగుతోందేమో. రాత్రికల్లా నూట ఇరవై కుట్లు ఎక్కించి ఒక వరుస కూడా తిప్పాను. సూది పట్టుకుని కూర్చుంటే ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు అనిపించింది. ఇన్నాళ్ళకి కాస్త నిద్రపడుతుందేమో.

మొన్న ఎవరో మూడుసార్లు ఫోను చేశారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆడమనిషి గొంతులా ఉంది. పాపం ఏదో ఆపదలో ఉన్నట్టుంది, తప్పు నంబరుకి చేసింది.

నీ బావ


డిసెంబరు 6

మరదలికి,

నీ ఉత్తరం నిన్న చేరింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, చదివిన వెంటనే ఆ వెంట్రుక కోసం వెతికాను. కుర్చీ కింద, చాప కింద, చీపురులో. చెత్తబండి మంగళవారమే వచ్చి వెళ్ళింది. అయినా వీధి చివర కుండీ దాకా వెళ్ళి నిలబడ్డాను. ఎదురింటి మేస్త్రీ చూసి ఏం పోయింది సార్ అని అడిగాడు. అతని నెత్తి మీద మీ అక్క అల్లిన టోపీ ఉంది. ఏమీ లేదని చెప్పి వచ్చేశాను.

అద్దం ముందు 'నాకోసమేనా' అన్నది నిజమే. నాకు గుర్తుంది. తన తలకి తడి తువ్వాలు చుట్టి ఉంది. నవ్వింది. నేను చూసింది ఆ నవ్వొక్కటే.

ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నాను. ఇది మళ్ళీ తన కొలతకే అల్లి పెట్టాలి. ఎవరి కోసమని అడగకు. మీ అక్క తల ఎన్ని అంగుళాలో చెప్పు. బజారులో ప్రతి గజంబద్దా, ప్రతి కుంచమూ కొలిచినవాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్ళు పక్క దిండు మీద ఉన్న తల కొలత నాకు తెలియదు. తన దిండు మీద గుంట ఉంటుందేమోనని చూశాను. గలీబు నువ్వే ఉతికి వెళ్ళావు.

బావ


డిసెంబరు 15

బావగారికి,

జవాబు ఆలస్యమైంది. దారి మూసి కాదు. మీ 30వ తారీఖు ఉత్తరంలో ఆ వెంట్రుక ముక్క దగ్గర ఆగిపోయాను. మీ మీద నాకు ఎప్పుడూ రానంత కోపం వచ్చింది. రెండుసార్లు ఉత్తరం మొదలుపెట్టి చించేశాను. అందులో రాసినవి మీకు తెలియకపోవడమే మంచిది.

తర్వాత ఒక పని కోసం నా పెట్టె తీశాను. అడుగున అక్క అల్లిన టోపీలు నాకు నాలుగు దొరికాయి. నాలుగు! అల్లడం ఇద్దరం ఒకే రోజు నేర్చుకున్నాం. నేను అక్కకి ఒక్క టోపీ అల్లలేదు. తనకేం, తనే అల్లుకోగలదు అనుకున్నాను. విప్పడం పాపం కాదని మీకు రాసిన చెయ్యీ ఇదే. కాబట్టి కోపం ఎవరి మీద చూపించను?

మీరడిగింది నాకూ తెలియదు బావగారూ. అమ్మకి తెలిసి ఉంటుంది, అమ్మ లేదు. మా ఇద్దరి తలలూ ఒకటే అందామంటే, చిన్నప్పుడు అక్క స్కూలు టోపీ నాకు కళ్ళ మీదికి జారేది. పెద్దయ్యాక ఎవరూ పోల్చి చూడలేదు. అందరి తలలూ కొలిచిన మనిషి తలని ఎవరూ కొలవలేదు.

మీ పాత ఉత్తరాలన్నీ మళ్ళీ చదువుతుంటే ఒక మాట కంటబడింది. అంకెలు తనిఖీ పుస్తకంలో రాశానన్నారు. విప్పకముందు. ఆ పుస్తకం ఉందా?

పొద్దున్నే నీళ్ళు పట్టడానికి తల కప్పుకుని వెళ్ళండి. ఇక్కడ మీ తోడల్లుడు రోజూ అడుగుతున్నారు, మీ బావ ఎలా ఉన్నాడని.

పిచ్చుక


డిసెంబరు 23

పిచ్చుకకి,

పుస్తకం ఉంది. నాకు గుర్తులేక కాదు, దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. నువ్వు అడిగావు కాబట్టి తీశాను. నా దస్తూరీయే. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

వస్తువు: ఊలు టోపీ, బూడిద రంగు. చుట్టుకొలత: పందొమ్మిది అంగుళాలు. ఉండవలసినది: ఇరవై మూడున్నర. లోపం: నాలుగున్నర అంగుళాలు. ఇతర లోపాలు: వెనక కన్నం. చర్య: విప్పి సరిచేయాలి.

తయారుచేసినవారు అన్న చోట మీ అక్క పేరు రాశాను. కింద సంతకం చేసి తేదీ కూడా వేశాను. కల్తీ తూకాలు పెట్టిన వర్తకులకి రాసినట్టే రాశాను. ఈ భూమ్మీద మీ అక్క తల కొలత ఉన్నది ఆ ఒక్క కాగితం మీదే.

పందొమ్మిదికి నువ్వు చెప్పిన రెండు కలిపితే ఇరవై ఒకటి. పక్కన ఇంకో పుటలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. తర్వాత ఆ అంగుళాల టేపుని అంతవరకు గుండ్రంగా పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చిన్న తల. ఇంత చిన్నదని నాకెప్పుడూ అనిపించలేదు.

నా నూట ఇరవై కుట్లూ విప్పేశాను. తొంభై ఆరు ఎక్కించాను. అంచు అయిపోయింది, పైన ఆరు అంగుళాలు వచ్చింది. తను అల్లినట్టు లేదు. నా కుట్లు ఒకటి బిగుతు, ఒకటి వదులు. విప్పిన ఊలుకి పాత వంకరలు పూర్తిగా పోలేదు. అవి ఎక్కడ తిరగాలనుకుంటాయో అక్కడ నా వేళ్ళు తిప్పడం లేదు.

మెరూన్ టోపీ వెనక, తను మూసిన కన్నం ఎక్కడుందో వెతికాను. అంత సన్నగా కుట్టింది, కనిపెట్టడానికి కొత్త కళ్ళజోడు కావలసొచ్చింది. బ్లేడుతో ఆ కుట్టొక్కటే విప్పాను. రోజూ అదే పెట్టుకుని నీళ్ళకి వెళుతున్నాను. గాలి సరిగ్గా ఆ కన్నంలోంచే దిగుతోంది. మేకులా దిగుతుందని తను రాసింది చూడు, అలాగే ఉంటుంది. నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే శాలువా ఉందిగా అనేవాణ్ణి.

పాలావిడ చూసి, టోపీ వెనక చిరిగింది సార్ అంది. చిరగలేదమ్మా, అది అలాగే ఉండాలి అన్నాను.

ఇప్పుడు నాకు ఒక్కటి తెలియాలి. కొప్పు కోసం ఎన్ని కుట్లు ముయ్యాలి, పై వరుసలో మళ్ళీ ఎలా ఎక్కించాలి? బొమ్మ వేసి పంపు. అల్లిక అక్కడిదాకా వచ్చి ఆగి ఉంది.

నీ బావ